సున్నానికి తోడు

ఆ రోజు హుసేనమ్మ నోట్లో రాయి పుట్టింది.

అన్నంలో వచ్చిన రాయి కాదు, పప్పులో ఏరకుండా మిగిలిందీ కాదు. మధ్యాహ్నం తిండి అయ్యాక గని వాకిట్లో రేకుల నీడన కాళ్లు చాపుకుని కూర్చుని, ఆకుకు సున్నం రాసి, వక్కముక్క పెట్టి, మడిచి దవడన పెట్టుకుంది. కాసేపు నమిలేసరికి పంటికింద కరుక్కుమంది. అరచేతిలోకి తీసి చూసుకుంటే శనగగింజంత తెల్లటి గులకరాయి. ఆకు నలిగింది, వక్క నలిగింది, సున్నం మాత్రం రాయై కూర్చుంది. ఆమెకు భయమేసింది. ఆ సున్నం తనది కాకపోవడం మరో భయం. తన సున్నపుకాయ ఖాళీ అయితే, ప్రయోగశాల బల్ల మీది గిన్నెలో వెన్నలాంటి సున్నం కనబడి, కాస్త తీసుకుంటే ఎవరికి తరుగు అనుకుని గోటితో గీరుకుని వచ్చింది.

దాచుకునే మనిషి కాదు కనుక నేరుగా ఆ ప్రయోగశాల నడిపే వారిజ దగ్గరికే పోయింది.

"మేడమ్మా, నీ గిన్నెలో సున్నం రోంత ఆకుకు పూసుకుంటి. నోట్లో రాయైపాయ. నాకేమన్నా అయితాదా?"

వారిజ ముందు ఆమెను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టింది. ప్రయోగశాలలో వస్తువు నోట్లో పెట్టుకుంటారా, నీకు బుద్ధుందా అంటూ బిందెడు నీళ్లతో పుక్కిలింపించింది. నోరు పొక్కలేదని తేల్చుకున్నాక ఆ గులకరాయిని భూతద్దం కింద పెట్టింది. పెట్టి, చూసి, కుర్చీలో కూర్చోబోయి నేల మీద కూర్చుండిపోయింది.

ఏళ్ల తరబడి సిలిండర్లు సిలిండర్లు గ్యాసు పోసినా కాని పని, ఒక ముసలమ్మ దవడన భోజనం అరిగేలోపు అయిపోయింది.

వారిజది కృష్ణ ఒడ్డు. రాయన్నది రోటి రూపంలో తప్ప కనబడని నల్లరేగడి ఊళ్లో పుట్టి, రాళ్ల చదువు చదివి, నంద్యాల అవతల బండమీదిపల్లె దగ్గర వదిలేసిన ముగ్గురాయి గనిలో వచ్చి పడింది. కొండను తవ్వి ఎలుకను పట్టే ఉద్యోగమని చుట్టాలు ఎగతాళి చేసేవారు. ఎలుక దొరికినా బాగుండు అనుకునేది ఆమె. ఆ గని అడుగున ఒక పగులుంది. దాంట్లోంచి తెల్లటి జిగురు ఊరేది. ఆ జిగురు తగిలిన చోట పైకప్పు నుంచి రాతి ఊడలు దిగేవి. ఎక్కడైనా అలాంటి ఊడ వేలెడు పెరగడానికి మనుషుల తరాలు గడిచిపోతాయి. ఇక్కడ ఒక్క వానాకాలం చాలు. వారిజ ఇక్కడ పాతుకుపోయింది ఆ పగులు కోసమే.

సున్నం సంగతి అందరికీ తెలిసిందే. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే రాయిలో దాగిన గాలి పోయి సున్నమవుతుంది. ఆ సున్నాన్ని గోడకు పూస్తే, పోయిన గాలిని మెల్లమెల్లగా మళ్లీ పీల్చుకుంటూ తిరిగి రాయి కావాలని చూస్తుంది. ఆ గాలీ మనం వదిలే ఊపిరీ ఒకటే. కాని గోడ సున్నం పైపైన గట్టిపడి అక్కడ ఆగిపోతుంది, లోపలిదాకా రాయి కావాలంటే ఏళ్లూ పూళ్లూ. ఆ గిన్నెలో కలిపినట్టు గని జిగురు కలిపితే ఆ పని త్వరగా, అడుగంటా కావాలి. ఎందుకు కావడం లేదో తెలియక వారిజ జుట్టు సగం తెల్లబడింది. హుసేనమ్మ నోరు చెప్పిన జవాబు చాలా చిన్నది. సిలిండర్లోంచి వచ్చేది ఎండు గాలి. జిగురుకు కావలసింది వెచ్చగా, తడిగా ఉండే గాలి. అంటే ఊపిరి.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒక పలక మీద సున్నం పూసి, చెరో పక్కన కూర్చుని, పొయ్యి ఊదినట్టు ఊదారు. హుసేనమ్మకు రెండుసార్లు ఊదేసరికే దగ్గు వచ్చేది. అయినా మానలేదు. దీపాలు పెట్టే వేళకు పలక మీద గోరు దిగలేదు. మేకు దిగలేదు. రాయికి చెమట పట్టినట్టు పైన నీటిబొట్లు నిలిచాయి. సున్నం ఊపిరి తాగి రాయవుతూ, తనలోని నీటిని బయటికి వదిలేస్తుంది మరి.

"పాలకు తోడేసినట్టే ఉండాదే," అంది హుసేనమ్మ. ఆ రోజు నుంచి ఆ జిగురుకు ప్రయోగశాలలో తోడు అన్న పేరే స్థిరపడింది. వారిజ పెట్టిన పన్నెండక్షరాల పేరును చివరికి వారిజ కూడా మరిచిపోయింది.

హుసేనమ్మ ఇక్కడ ఊడ్చి తుడిచే పనికి రాకముందు సగం వయసు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో గడిపింది. బండ మీద చక్రం తిరుగుతుంటే లేచే తెల్లదుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో చేరి అక్కడే కాపురం పెట్టింది. ఆ ప్రాంతంలో దగ్గని ఇల్లు తక్కువ. కోత మిషన్ల నుంచి వచ్చే పాలలాంటి బురద వాగుల్లో గడ్డకట్టి చేలను చంపేది. వారిజ కల ఆ బురద గురించే. నాలుగు పాళ్ల బురదకు ఒక పాలు సున్నం, చిటికెడు తోడు కలిపి అచ్చులో పోస్తే, రాయిని కొట్టకుండా, కొయ్యకుండా, దుమ్ము లేపకుండా బండ తయారవుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా హుసేనమ్మ, మా మాబున్నీ బిడ్డలన్నా మంచి గాలి పీలుస్తారులే అనేది. మాబున్నీ ఆమె కూతురు, ఊళ్లోనే బట్టలు కుట్టుకుని బతుకుతుంది.

అయితే ఈ తోడుకు ఒక చిక్కుంది. పాలతోడు పెరుగుతుంది, ఇవాళ్టి పెరుగే రేపటికి తోడు. ఈ తోడు సున్నంలో పడితే సున్నంతో పాటు తానూ రాయైపోతుంది. మళ్లీ వెనక్కి రాదు. దాన్ని పెంచాలంటే ఊపిరి సోకకుండా మూత బిగించి, చల్లగా కాపాడాలి. చెంచాడు రెండు చెంచాలు కావడానికి ఏడాది. అలా కూడబెట్టగా ఒక గాజుసీసా నిండింది. వారిజ ఇన్నేళ్ల బతుకు ఆ సీసాలోనే ఉంది.

దాన్ని పట్టుకుపోవడానికే వేదగిరి వచ్చాడు.

వేదగిరి రాజధానిలో పెద్ద ప్రయోగశాల అధికారి, గని దగ్గరిది కూడా దాని కిందిదే. చెడ్డవాడేమీ కాదు. మాటకు ముందు గొంతు సవరించుకునే మనిషి. ఈ గని ఇక సురక్షితం కాదు, సీసా మా దగ్గర పదిలంగా పెరుగుతుంది, ఇక్కడికి తాళం వేద్దాం అని మర్యాదగానే చెప్పాడు. వారం నుంచి వానలు ఆగలేదు. వారిజ వాదించి వాదించి అలసిపోయి, సరే, పోయేముందు ఆ పగులును ఒకసారి కళ్లతో చూడండి అని కిందికి తీసుకుపోయింది. చల్లపెట్టెలో సీసా అప్పటికే వేదగిరి చేతికి చేరింది. వెనకాల టీ ఫ్లాస్కు పట్టుకుని హుసేనమ్మ దిగింది. టీ లేకుండా అయ్యవారిని పంపిస్తే ఊరికి మాట వస్తుందని ఆమె పట్టుదల.

కొండకు ఈ మర్యాదలేం తెలుస్తాయి. వాళ్లు వారిజ అచ్చులు పోసి చూసే అడుగు గదికి చేరారో లేదో, వెనక దోవలో ఏదో తెగినట్టు చప్పుడైంది. తర్వాత గాలి ఒక్క తోపు తోసి ముగ్గురినీ నేల మీద పడేసింది. దుమ్ము అణిగాక దీపం ఎత్తి చూస్తే వచ్చిన దోవ లేదు. పగులూ లేదు, ఊడలూ లేవు. అంతా ఒకే రాళ్ల గుట్ట.

మొదట్లో భయం కన్నా తొందర ఎక్కువగా ఉండింది. వేదగిరి ఫోను పైకెత్తి గది నాలుగు మూలలూ తిరిగాడు. హుసేనమ్మ ఫ్లాస్కు పగల్లేదని తెలిసి ముగ్గురికీ టీ పోసింది. పైవాళ్లకు తెలుసు, వస్తారు, రాళ్లు తీస్తారు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. గదిలో సున్నం బస్తాలు, బురద తొట్లు, అచ్చుల చెక్కలు ఉన్నాయి. గాలి మీటరు గోడకు వేలాడుతోంది. వారిజ దాన్ని చూడకుండా ఉండాలని చూసి, చూడక ఉండలేకపోయింది. ముల్లు పచ్చగీత దాటి పసుపులోకి, పసుపు దాటి ఎర్రగీత వైపు నడుస్తోంది.

మూసిన గదిలో మనిషిని ముందు చంపేది గాలి అయిపోవడం కాదు. తాను వదిలిన ఊపిరినే తాను మళ్లీ పీల్చడం. తల దిమ్మెక్కుతుంది, నిద్ర వస్తుంది, నిద్ర లోతవుతుంది. ఇది వారిజకు తెలుసు, వేదగిరికి తెలుసు. హుసేనమ్మకు చదువు లేకపోయినా ఆమె ఊపిరితిత్తులకు అందరికన్నా ముందు తెలిసింది. గోడకు ఆనుకుని, చేప నోరు తెరిచినట్టు తెరుస్తూ, ఏమీ కానట్టు నవ్వబోయింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి.

వారిజ చల్లపెట్టె మూత మీద చెయ్యి వేసింది.

వద్దన్నది వేదగిరి. గొంతు సవరించుకోకుండా చెప్పాడు, బహుశా జీవితంలో మొదటిసారి. "వారిజ గారూ, తొందరపడకండి. పగులు కూడా పోయింది. ఇది ఖర్చయితే ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఇంకాసేపట్లో ఎవరో ఒకరు వస్తారు."

ఆయన మాట తప్పని ఎలా అంటాం. సీసా నిండా ఉన్నది ఎన్ని ఊళ్ల దగ్గు పోగొడుతుందో వారిజకన్నా ఎవరికి తెలుసు. చిటికెడు వేసి చూద్దామా అనుకుంది. చిటికెడుకు పలకెడు సున్నం రాయవుతుంది, మూడు ప్రాణాలకు గది గోడలంతా కావాలి, అదీ ఇప్పుడే కావాలి. ఒక్కసారి హుసేనమ్మ ముఖం చూసింది. ఆ ముఖం చూశాక ఇక లెక్క వేయవలసింది ఏమీ మిగల్లేదు.

"వచ్చేవాళ్లకు ఎవరో ఒకరు బతికి కనబడాలి కదండీ," అంది, మూత తీస్తూ.

సీసా హుసేనమ్మ చేతికిచ్చి, తాను బస్తాలు కోసి సున్నం కలిపింది. వేదగిరి చొక్కా విప్పి చేటలా పట్టుకుని గాలి ఆడించాడు. అంత ఆయాసంలోనూ హుసేనమ్మ సీసాలోంచి తోడు తీసి ఒక్కో తొట్టిలో వేసి ఇచ్చింది. చివర్న గోడ వైపు తిరిగి కాసేపు దగ్గి, సీసాను తొట్టిలో తేరిన నీళ్లతో కడిగి ఆ నీళ్లు కూడా పోసింది. చెక్కల మీద, గోడల మీద, రాళ్ల గుట్ట మీద, చేతికందిన చోటల్లా పూశారు. చేతి తొడుగులు రెండు జతలే దొరికాయి, అవీ చిరిగిపోయాయి. సున్నం చర్మాన్ని తినేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు కదా. అక్కడ నిజంగానే ఆ పని జరిగింది. హుసేనమ్మ తన తిత్తిలోని తమలపాకులు తడిపి ముగ్గురి అరచేతులకూ అంటించింది.

తర్వాత ఎదురుచూడటమే మిగిలింది. గోడలు వెచ్చబడ్డాయి. ముల్లు ఎర్రగీత మీద కాసేపు వణికింది. ఇటు పడుతుందా అటు పడుతుందా అని ముగ్గురూ రెప్పవేయకుండా చూశారు. మెల్లగా, అలిగిన పిల్ల ఇంట్లోకి వచ్చినట్టు, పసుపులోకి వచ్చింది. వేదగిరి వెక్కి వెక్కి ఏడ్చాడు. గోడల మీద నీటిబొట్లు పుట్టి, కలిసి, ధారకట్టి కిందికి జారాయి. రోజుకు ముగ్గురికీ కలిపి చెంబుడు నీళ్లు. కాస్త చప్పగా, సున్నం వాసనతో, అమృతంలా ఉండేవి. తమ ఊపిరి గోడకిస్తే గోడ తమకు నీళ్లిచ్చింది.

రోజుల లెక్క తప్పింది. పూసిన పొర రాయయ్యాక, తొట్లలో మూసి ఉంచిన సున్నంతో దాని మీద మరో పొర పూసేవారు. నిద్ర రాకుండా వారిజ రాళ్ల కబుర్లు చెప్పింది. రాళ్లలో మూడు జాతులున్నాయంది. నిప్పులో కరిగి చల్లారి పుట్టినవి, నీళ్ల అడుగున పొరపొరగా పేరుకున్నవి, బరువూ వేడీ భరించి భరించి వేరే రాయిగా మారిపోయినవి. హుసేనమ్మ వాటిని వెంటనే తన ఇంట్లో వెతుక్కుంది. రోలు నిప్పులో పుట్టింది. నట్టింట్లో నాపబండ నీళ్లలో పేరుకుంది. మరి దర్గాలో పాలరాయి? అది మీ నాపబండకు అక్క, నేల లోపల కొలిమిలో పడి తెల్లగా తేలింది అంది వారిజ. మళ్లీ ఆ మూడూ ఎండకూ వానకూ అరిగి మట్టవుతాయి, మట్టి మళ్లీ పేరుకుంటుంది, ఏ రాయికీ ఇదే ఆఖరు రూపం అని లేదు అని కూడా చెప్పింది.

హుసేనమ్మ వెనకున్న గోడకు తల ఆనించింది. "అయితే రాయి గూడా మన మాదిరే తిరుగుతా ఉంటాది. రోంత నిదానం, అంతే." తర్వాత వేదగిరి వైపు చూసి, ఈ సారు వచ్చినప్పుడు రోలు మాదిరి ఉండె, ఇప్పుడు పాలరాయి అయినాడు అంది. వేదగిరి నవ్వాడు. ఆ నవ్వు ముగ్గురి ఊపిరితో పాటు గోడలోకి పోయి ఉంటుంది.

పైనుంచి బొరియ వేసి వాళ్లను తీసినప్పుడు, అడ్డొచ్చిన కొత్త తెల్లబండను పగలగొట్టడానికి మిషన్ చాలాసేపు మొరాయించిందట. బయటికొచ్చి చూసుకుంటే ముగ్గురి అరచేతుల్లోనూ గీతలు చెరిగిపోయి ఉన్నాయి. ఇక జోస్యులకు మన దగ్గర పని లేదండీ అన్నాడు వేదగిరి.

ప్రాణాలు దక్కాయి కాని హుసేనమ్మ మునుపటిలా లేవలేదు. ఆ రోజు లేచిన దుమ్ము పాత దుమ్ముకు తోడైంది. ప్రభుత్వాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, తర్వాత ఇంటికే సిలిండర్ వచ్చింది. వారిజ రోజూ పోయి మంచం పక్కన కూర్చునేది. ఎన్ని కబుర్లు చెప్పినా ఒక్క సంగతి మాత్రం చెప్పేది కాదు. పగులు పూర్తిగా పూడిపోయింది, మళ్లీ తోడు ఊరదు, ఇక ఆ పని లేదు అన్న సంగతి. చెబితే, నా కోసమే కదా సీసా ఒంపేసింది అని ఆ తల్లి కుమిలిపోతుందని భయం. అడిగితే, రాళ్లు తీశారు, పగులు మళ్లీ ఊరుతోంది, అంతా బాగుందని బొంకేది. హుసేనమ్మ తృప్తిగా తలూపేది. తనను బతికించింది వారిజ అని ఆమె వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నన్ను బతికించింది నీ నోట్లో రాయి అని వారిజ మనసులో అనుకునేది. ఇద్దరిలో ఎవరు ఎవరికి రుణపడ్డారో తేల్చడం దేవుడికి కూడా కష్టమే.

చలికాలం వెళ్తూ వెళ్తూ హుసేనమ్మను తీసుకుపోయింది.

వేదగిరి కారులో వచ్చాడు. గనిలోంచి తీసిన తెల్లబండల్లో ఒకటి, పక్క నుంచి చూస్తే పొరలు పొరలుగా గీతలు కనబడేది, ఊరి మగవాళ్లతో కలిసి భుజం పట్టి మోసి ఆమె సమాధి తలవైపు నిలబెట్టించాడు. రాతిదుమ్ము ఆమె ఊపిరిని తినేసింది. ఆమె ఊపిరి రాయై తలదగ్గర నిలబడింది. దూరంగా చింతచెట్టు కింద ఆడవాళ్లతో నిలబడి చూస్తున్న వారిజ ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, ఒక ఉదయం మాబున్నీ గని వాకిట్లోకి వచ్చి నిలబడింది. చీపురు తీసుకుని ఊడవటం మొదలుపెట్టింది. వారిజ వద్దంది. నెలాఖరుకు ఇక్కడ తాళం పడుతుంది, వేదగిరి గారు ఆపగలిగినన్నాళ్లు ఆపారు, నీకిచ్చే జీతం కూడా లేదు అని ఉన్నమాట చెప్పింది. మాబున్నీ చీపురు ఆపలేదు. జీతానికి రాలేదని, అమ్మ మాట కోసం వచ్చానని చెప్పింది. ఆ రోజు నుంచి కుట్టుమిషన్ కూడా ఆటోలో తెచ్చి రేకుల నీడన పెట్టుకుంది. వారిజ లోపల ఖాళీ గిన్నెలు సర్దుతుంటే బయట మిషన్ టకటకలాడేది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తినేవారు. సాయంత్రం ఊళ్లోకి కలిసి నడిచేవారు. వారిజ కారణం అడగలేదు. ఆ టకటక లేకపోతే ఆ రోజులు ఎలా గడిచేవో ఆమెకు తెలియదు, అడిగితే ఎక్కడ ఆగిపోతుందో అని భయం.

తాళం పడే వారంలో ఒక మధ్యాహ్నం మాబున్నీ అన్నం కలుపుకుంటూ, ఈరోజు పెరుగు తేలేదేమని అడిగింది. ఎండకు పులిసిపోతే పారబోసి గిన్నె కడిగేశాను, మళ్లీ వేద్దామంటే తోడు లేదు అంది వారిజ.

"మా యమ్మ ఉంటే నిన్ను కొట్టేది," అంది మాబున్నీ. "తోడు తీసిపెట్టకుండా గిన్నె కడిగితే ఇంటికి అరిష్టం అనేది. పండగ నాడు కుండ పెరుగు అయిపోతా ఉన్నా ఆఖరు చెంచా ఎవ్వుర్నీ తిననీదు. ఇంటికి ఎవురొచ్చినా సరే. సచ్చేముందు గూడా ఆ మాటే గదా..."

మాట మధ్యలో ఆగిపోయింది. వారిజ చేతిలో ముద్ద కూడా ఆగిపోయింది.

"ఏ మాట, మాబున్నీ?"

"మూతికి ఆ గొట్టం ఉండె. సగం వినపడలా. 'మేడమ్మకు తోడు' అనె. మళ్లా దగ్గు వచ్చె. నేను నీకు తోడుండమనె అనుకుంటి. అందుకే వచ్చినా."

వారిజ లేచి నిలబడింది. గది, దీపం, ఎర్రగీత మీద వణికే ముల్లు, సీసా పట్టుకుని గోడ వైపు తిరిగిన హుసేనమ్మ వీపు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. ఆ రోజు దగ్గు వచ్చి తిరిగిందనుకుంది. ప్రాణం పోతున్నా గిన్నె కడిగే ముందు చెయ్యవలసిన పని చేసే ఇల్లాలు వెనక్కి తిరిగి ఏం చేస్తుందో ఆమెకు అప్పుడు తట్టలేదు.

"అమ్మ వక్కాకు తిత్తి ఎక్కడుంది?"

తిత్తి ఇంట్లో మేకుకు వేలాడుతోంది. అమ్మ వాసన పోతుందని మాబున్నీ ఉతకలేదు. ఇద్దరూ ఎంగిలి చేతులు కడుక్కుని ఎండలో పడి పోయారు. తిత్తిలో ఎండిన ఆకులు, వక్కముక్కలు, అడుగున ఇత్తడి సున్నపుకాయ. మూత చుట్టూ పైటచెంగు చింపిన పీలిక బిగించి కట్టి ఉంది. మాబున్నీయే ముడి విప్పింది.

లోపల రాయి ఉంది. తెల్లగా, నున్నగా, అంచుల దాకా పట్టేసిన రాయి.

వారిజ దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇన్ని నెలల్లో మూత సందులోంచి ఎంత గాలి పోవాలో అంత పోయింది, రాయైపోయింది. ఆశ పెట్టుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది. సరేలే అంది మాబున్నీతో. మాబున్నీ మాత్రం జాకెట్టుకున్న పిన్నీసు తీసి, పాల మీద మీగడ పక్కకు జరిపినట్టు, ఆ రాతి అంచున పెట్టి మెల్లగా ఎత్తింది. రేకంత పలచటి పెంకు ఊడి వచ్చింది. దాని కింద తడిగా, వెన్నలా, పసిపాప గుప్పెటంత కూడా లేని తోడు.

కాయలో అంటుకున్న పాత సున్నంతో కలిసి పైన రాయైన పొరే మూతగా మారి లోపలిదాన్ని కాపాడింది.

బతికి ఉందో లేదో తేల్చడానికి వారిజకు ప్రయోగశాల దాకా పోయే ఓపిక లేదు. మాబున్నీని ఒక తమలపాకు, కాస్త సున్నం అడిగింది. జన్మలో వక్కాకు వేసుకోని మనిషి, పిన్నీసు మొనతో రవ్వంత తోడు తీసి, ఆ సున్నంతో కలిపి ఆకుకు రాసి, మడిచి దవడన పెట్టుకుంది. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపు ఇద్దరూ గుమ్మంలో నాపబండ మీద కూర్చున్నారు. వీధిలో ఎవరింట్లోనో దగ్గు వినిపిస్తోంది.

కరుక్కుమంది.

పంటికింద రాయి తగిలితే విసుక్కోని మనిషి ఉండడు. వారిజ ఆ గులకరాయిని అరచేతిలోకి తీసుకుని, గీతలు లేని ఆ అరచేతిని కళ్లకద్దుకుంది. హుసేనమ్మా, నీ కడుపు చల్లగా అనుకుంది. ఆ మాట బతికున్నవాళ్లకు చెప్పేదని తెలుసు, అయినా అనుకుంది.

మాబున్నీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడుస్తోంది. "తోడు ఇయ్యమనెనా మేడమ్మా? నేను ఒట్టి తోడుండమనెనేమో అని ఇన్నాళ్లు మిషన్ తెచ్చుకుని కూచుంటి."

"రెండూ ఇచ్చింది లేవే," అంది వారిజ.

వేదగిరికి ఫోను చేసింది. ఆయన అవతల రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. తర్వాత, తాళం సంగతి నేను చూసుకుంటాను, ఈసారి చల్లపెట్టె పట్టుకుని రాను, ఉత్త చేతులతో వస్తాను అన్నాడు.

వారిజ తోడును జాగ్రత్తగా కొత్త సీసాలోకి తీసి మూత బిగించింది. సున్నపుకాయను కడగడానికి మాబున్నీ చెయ్యి చాచింది. ఇవ్వలేదు. అడుగున కాస్త మిగిల్చి, ఆ పీలికతోనే మళ్లీ ముడివేసి, మాబున్నీ చేతిలో పెట్టింది.

"ఇది మీ ఇంట్లోనే ఉంచు. నా దగ్గర అయిపోతే వచ్చి అడుగుతాను. తోడు ఒక్క ఇంట్లోనే ఉండకూడదు."